గడువు దాటనివ్వని భయం

1988వ సంవత్సరం ఆగస్టు పదిహేడవ తేదీ, బుధవారం ఉదయం, మా విశ్వవిద్యాలయపు కడప ప్రాంగణ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా విధుల్లో చేరిన శ్రీ హెచ్. వీరభద్ర గారు, మూడున్నర దశాబ్దాలకు పైబడిన నిరంతర సేవ అనంతరం, ఈ నెలాఖరున విద్యార్థి వేతనాల విభాగపు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయనున్నారు. ఇటువంటి సందర్భాలలో విరమించే వారి ధైర్యసాహసాలను కీర్తించడం ఆనవాయితీ. కానీ వీరభద్ర గారితో ఒక్క దినమైనా కలిసి పనిచేసిన వారెవరూ అంతటి అసత్యానికి ఒడిగట్టలేరు. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రుల ఉద్దేశం ఏదైనప్పటికీ, మా వీరభద్ర గారు భయస్థులు. ఆ భయం నీడలోనే ఈ విభాగం ఇన్నేళ్లుగా క్షేమంగా ఉంది గనుక, దానినే ఈ సంచికలో సగౌరవంగా అభినందించదలచాము.

కర్నూలు జిల్లా పడమట, ఆలూరు ప్రాంతపు ఒక మెట్టపల్లెలో, వాన వస్తే సేద్యం, రాకుంటే కూలి అన్నట్టుగా గడిచే కుటుంబంలో వారు జన్మించారు. బి.కాం. చదివే రోజుల్లో, అధ్యాపకులొకరి ప్రోత్సాహంతో ఒక జాతీయ ఉపకార వేతనానికి దరఖాస్తు నింపి, ఫొటో అంటించి, కవరు మూసి, తపాలా కార్యాలయం గుమ్మం దాకా వెళ్లి అక్కడినుంచి వెనుదిరిగారట. ఎందుకని అడిగిన వారికి ఏనాడూ దాచలేదు. "భయమైతాండె అప్పా. రాకపోతే ఊర్లో నగుతారని భయం. వస్తే ఢిల్లీకి పోవల్లని భయం. రెండిటికీ భయపడి ఇంటికొచ్చి అన్నం తిని పండుకుంటి" అని నవ్వుతూ చెప్పేవారు. ఆ నవ్వు వెనుక ఉన్న బాధ మాకు తెలియనిది కాదు.

అటువంటి మనిషిని, చేరిన కొద్ది కాలానికే, దరఖాస్తులు పంపే బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో జాతీయస్థాయి ఉపకార వేతనాలు, పరిశోధక ఫెలోషిప్పులు సమస్తం తపాలా మీదనే ఆధారపడి ఉండేవి. విద్యార్థి దరఖాస్తు మీద మా డైరెక్టరు సంతకం పడాలి, ముద్ర పడాలి, గడువులోగా ఢిల్లీకి చేరాలి. వేంపల్లె దగ్గరి పల్లెనుంచి వచ్చి భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్న ఈరేష్ అనే విద్యార్థి ఒక పెద్ద ఫెలోషిప్పుకు దరఖాస్తు ఇచ్చాడు. సంతకం చేయవలసిన అధికారి ఒంట్లో బాగాలేక ఇంటి పట్టున ఉన్నారు. వెళ్లి తలుపు తట్టి సంతకం అడగాలంటే కొత్త గుమాస్తాకు కాళ్లాడలేదు. పెద్దాయన విసుక్కుంటారేమో, గదమాయిస్తారేమో అని ఇవాళా రేపా అనుకుంటూ ఆయన ఆఫీసుకు వచ్చేదాకా ఆగారు. దరఖాస్తు ఢిల్లీకి చేరేసరికి గడువు దాటిపోయింది.

ఆ సంగతి తెలిసిన రోజున ఈరేష్ కార్యాలయానికి వచ్చాడు. వీరభద్ర గారు తలెత్తలేక కూర్చున్నారు. అరుస్తాడనీ, నలుగురిలో నిలదీస్తాడనీ ఎదురుచూశారు. ఈరేష్ అరవలేదు. "సరేలే సార్, మీరేం జేస్తారు? మాలాంటోళ్లకు యాడొస్తాయి ఇవన్నీ?" అని మెల్లగా అని వెళ్లిపోయాడు. మళ్లీ తరగతికి రాలేదు. వేంపల్లెలో అన్న ఎరువుల అంగట్లో కూర్చున్నాడని తరువాత తెలిసింది. "తిట్టింటే ఎప్పుడో మరిచిపోయుందును. తిట్టలేదు" అని వీరభద్ర గారు ఈనాటికీ అంటారు.

ఆనాటితో అధికారులంటే ఉన్న భయం వారిని విడిచి గడువు మీదికి మళ్లింది. ఆ పిమ్మట సంతకం కోసం వారు వెళ్లని చోటు లేదు. పెళ్లి పందిట్లో భోజనాల వరుసలో ఉన్న అధికారి పక్కన ఫైలుతో నిలబడ్డారు. క్షవరం చేయించుకుంటున్న మరొక అధికారి చేత, మెడ చుట్టూ గుడ్డ ఉండగానే సంతకం పెట్టించుకున్నారు. కవర్లను పోస్టు డబ్బాకు అప్పగించడానికి మనసొప్పక, కడప రైల్వే స్టేషనులోని తపాలా గదికి స్వయంగా తీసుకెళ్లి, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదనే ఉండేవారు. తోటి ఉద్యోగులు వేళాకోళం చేసేవారు. వారు పట్టించుకోలేదు.

సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది 2004లో మా కర్నూలు ప్రాంగణానికి బదిలీపై వచ్చిన వీరభద్ర గారు, తదుపరి కాలంలో సూపరింటెండెంటు హోదాలో ఈ విభాగపు సమస్త బాధ్యతలను స్వీకరించారు. ఢిల్లీ వారు ప్రకటించే గడువు ఒకటైతే, మా గోడ మీద అంతకు వారం ముందుగా వీరభద్ర గారి గడువు వేరొకటి ఉండేది. "పొడిగిస్తారులే సార్" అన్న మాట మా గదిలో నిషిద్ధం. ఆ మాట అన్న విద్యార్థి ఎవరైనా సరే, అక్కడికక్కడే కూర్చుని దరఖాస్తు పూర్తి చేసి లేవవలసిందే. పిల్లలు వారికి 'భయం సార్' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వారి చెవిన పడినా కోపగించలేదు. నందికొట్కూరు నుంచి, ఆదోని నుంచి, ఇంట్లో మొదటిసారిగా పెద్ద చదువుకు వచ్చిన పిల్లలే మా దగ్గర ఎక్కువ. ఎందరో గుమ్మం దాకా వచ్చి వెనక్కు తిరగబోయేవారు. వీరభద్ర గారు ఆ వెనుదిరిగే నడకను ఇట్టే పసిగట్టి, "ఏమప్పా, యాడికి పోతాండావు? రా, ఇట్ల కూర్చో" అని పిలిచేవారు. ఆ నడక వారికి బాగా తెలిసినదే గదా.

దరఖాస్తులు కంప్యూటరుకెక్కిన తరువాత వారి భయం శాంతిస్తుందని మేము ఆశించాము. అది రెట్టింపైంది. కవరైతే కంటికి కనిపిస్తుంది. మీట నొక్కాక దరఖాస్తు ఏమైందో ఎవరు చెప్పాలి? పైగా విద్యార్థి పంపిన ప్రతి దరఖాస్తునూ విశ్వవిద్యాలయం తరఫున ధ్రువీకరించాలి. ధ్రువీకరించాలంటే నమోదైన ఫోనుకు ఓటీపీ రావాలి. ఆ బాధ్యతకు నోడల్ అధికారి అని పేరు. అప్పటి నోడల్ అధికారి అయిన ఆచార్యులవారు, "ఆ మెసేజుల గోల నాకెందుకప్పా వీరభద్రా, నీ నంబరే ఇచ్చెయ్" అని తేలికగా అనేశారు. పేరు ఆచార్యులది, నంబరు వీరభద్ర గారిది. ఆచార్యులు మారుతూ వచ్చారు. నంబరు మాత్రం మారలేదు. అది మొదలు వారు ఆ ఫోనును పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నారు. ఆటకు ఇమ్మని బంధువుల పిల్లలు అడిగితే ఇచ్చేవారు కారు. ఛార్జింగ్ సగానికి దిగితే ముఖం వాడిపోయేది.

ఇంతటి భయస్థులు జీవితంలో ఒక్క పూట భయం మరిచారు. ఆ ఉదంతాన్ని వారి కుటుంబ సభ్యుల అనుమతితో ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

2018లో శివజ్యోతి అనే అమ్మాయి మా దగ్గర వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతోంది. కోసిగి వైపు పల్లె. తండ్రి కంబన్న గారు, తల్లి ఏటా పంటపని అయిపోగానే ఊరివారితో కలిసి గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు వలసపోతారు. ఆ పోవడాన్నే వారు సుగ్గి అంటారు. కొర్ర, ఆరిక వంటి మెట్టపంటల వేళ్లు నీరు లేని నేలలో ఎలా బతుకుతాయో పరిశోధించాలని ఆ అమ్మాయి కోరిక. అందుకు తగిన ఒక జాతీయ ఫెలోషిప్పు ఉంది. అది వస్తే బెంగళూరులో పరిశోధన. రాకపోతే చదువు చాలించి తల్లిదండ్రులతో సుగ్గికి. ఆ మాట కంబన్న గారు కూతురికి ముందే చెప్పి వెళ్లారు. శివజ్యోతి మా బల్ల ముందు నిలబడి, "మాలాంటోళ్లకు యాడొస్తాయి సార్ ఇవి?" అంది.

వీరభద్ర గారు ఉలిక్కిపడ్డారు. ముప్పై ఏళ్ల కిందట విన్న మాట మరొక గొంతులో మళ్లీ వినబడింది. ఎదుటి కుర్చీ చూపించి ఆమెను కూర్చోబెట్టారు. తరువాత ఆ అమ్మాయితో, "భయపడొద్దని నేను చెప్పను తల్లీ. నాకే శానా భయం. కానీ అప్లై చేసినాక భయపడు. ముందే భయపడితే ఆ భయం దండగ" అన్నారు.

ఆమె అప్లై చేసింది. గడువుకు ఎంతో ముందుగానే వీరభద్ర గారు ధ్రువీకరించారు కూడా. ఆ ఏటి దరఖాస్తులన్నీ వెళ్లిపోయాయని ఒకటికి నాలుగుసార్లు చూసుకుని, ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న శ్రీశైలం మొక్కు తీర్చుకోవడానికి కార్తీక సోమవారం నాడు సెలవు పెట్టారు. ధర్మపత్ని రామేశ్వరమ్మ గారితో కలిసి ముందు రోజే బస్సెక్కారు. సోమవారం ఢిల్లీ వారి ఆఖరు రోజు. అయినా చేయవలసినదేమీ మిగల్లేదు గదా.

దేవస్థానం నియమం ప్రకారం దర్శనానికి ముందు ఫోన్లను కౌంటరులో అప్పగించాలి. ఎవరైనా తాకుతారేమో అన్న భయంతో వీరభద్ర గారు దానిని ఆపివేసి మరీ ఇచ్చారు. మల్లికార్జునుని దర్శనమైంది. తిరిగి తీసుకున్న ఫోనును జేబులో వేసుకున్నారు, వెలిగించడం మరిచారు. ఆ మనిషి అలా మరిచారంటే, దర్శనం ఎంత తృప్తినిచ్చిందో ఊహించుకోవచ్చు. మధ్యాహ్నం బస్సు నల్లమల ఘాట్ దిగుతుండగా రామేశ్వరమ్మ గారు భర్త ముఖంలోకి చూసి, "ఓ హర్షిణి నాయినా, ఎన్నేండ్లయిందో నిన్నిట్ల నిమ్మళంగా చూసి" అన్నారట.

దోర్నాలలో బస్సు ఆగింది. దర్శనం బాగా జరిగిందని కూతురు హర్షిణికి చెబుదామని వారు కిందికి దిగి ఫోను వెలిగించారు. వెంటనే అది ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. అందుకోని పిలుపుల సందేశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడుతున్నాయి. వాటి మధ్యలో ఓటీపీలు. ఒకటి కాదు, ఎన్నో. అడగనిదే రాని ఓటీపీ ఇన్నిసార్లు ఎందుకు వచ్చిందో అర్థమయ్యేలోపే వారి గుండె జారిపోయింది. అంతలోనే ఫోను మోగింది. అవతల శివజ్యోతి. గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది.

"సార్, యాడ ఉండారు?"

"దోర్నాల... దోర్నాలలో ఉండాను తల్లీ. ఏమైంది?"

జరిగింది ఇది. ఆమె ధ్రువపత్రం మీది మా కార్యాలయపు ముద్ర స్పష్టంగా లేదని ఢిల్లీ వారు ఆ ఉదయమే దరఖాస్తును వెనక్కు పంపారు. కర్నూలు ఎండకు మా స్టాంపు ప్యాడు ఆరిపోవడం, ఆరిన దానిమీదే అదిమి అదిమి ముద్రలు వేయడం మాకు అలవాటు. నాకు కనిపిస్తోంది గదా, ఢిల్లీకి కనిపించదా అనుకోవడం ఇంకొక అలవాటు. అప్పటి సీనియర్ అసిస్టెంటు ముబీనా గారు ప్యాడు తడిపి కొత్త ముద్ర వేసి, పత్రాన్ని తిరిగి ఎక్కించారు. ఇక మిగిలింది విశ్వవిద్యాలయపు ధ్రువీకరణ. దానికి ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ పొద్దుటినుంచి, వెలగని ఒక ఫోను కోసం వెతుక్కుంటూ ఉంది. సాయంత్రం కార్యాలయం మూసే వేళకు ఢిల్లీ వారి వ్యవస్థ కూడా మూతపడుతుంది.

ముబీనా గారు ఫోను అందుకున్నారు. "సార్, పేజీ తెరిచి పెట్టుకోనుండాను. నంబరు చెప్పండి."

వీరభద్ర గారు చేతికందిన మెసేజులోని అంకెలు చదివారు. చెల్లదంది. మరొకటి చదివారు. అదీ చెల్లలేదు. పొద్దున పంపినవీ ఇప్పుడు పంపినవీ కలగాపులగంగా వచ్చి చేరుతున్నాయి. ఏది కొత్తదో తెలియదు. అన్నీ ఒకే రూపం.

"సార్, ఇంగొక్కసారి తప్పు కొడితే లాక్ అయితాది. రేపటిదాంక తెరుచుకోదు" అన్నారు ముబీనా గారు.

రేపు అనేది లేదని అందరికీ తెలుసు. వీరభద్ర గారికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. కడపలో తన బల్ల ముందు నిలబడిన ఈరేష్ ముఖం కళ్లముందు ఆడింది. ఇంకొంతసేపటికి ఈ అమ్మాయి కూడా అదే మాట అంటుంది. సరేలే సార్, మీరేం జేస్తారు అంటుంది. తిట్టదు. ఆ తిట్టకపోవడాన్ని మరొకసారి భరించే శక్తి తనకు లేదని వారికి స్పష్టంగా తెలిసింది.

కండక్టరు విజిలు వేసి, "సార్, ఎక్కుతారా, లేదా? బస్సు పోతాండాది" అని కేక వేశాడు. దోర్నాల దాటితే మళ్లీ అడవి; ఆత్మకూరు దాకా సిగ్నలుకు భరోసా లేదు. రామేశ్వరమ్మ గారు ప్రసాదం సంచీ, బట్టల సంచీ రెండూ భుజాన వేసుకుని బస్సు దిగి, "పోనీప్పా. మాకు ఈడ పనుండాది" అన్నారు. బస్సు వెళ్లిపోయింది.

"నువ్వు ఇట్ల నీడకు రా. కూర్చో. భయపడేది యా పొద్దూ ఉండేదే, ముందు పని చూడు" అని ఆమె భర్తను ఒక టీ అంగడి బల్ల మీద కూర్చోబెట్టారు.

అప్పుడు వీరభద్ర గారు తన జీవితకాలపు భయాన్నంతటినీ పనిలోకి దించారు. "ముబీనమ్మా, నేను చెప్పేదాంక ఏ మీటా ముట్టుకోవద్దు" అన్నారు. పాత మెసేజులు రావలసినవన్నీ వచ్చేదాకా కాచుకున్నారు. అవతల శివజ్యోతి, "సార్, టైమైపోతాండాది సార్" అని ఏడుస్తున్నా కదల్లేదు. ఫోను మోగడం పూర్తిగా ఆగిన తరువాత, వచ్చినవన్నీ ఒక్కొక్కటిగా చెరిపేశారు. మంచిదీ చెడ్డదీ ఏదీ మిగల్లేదు. పెట్టె ఖాళీ అయింది.

"ఇప్పుడు పంపు."

ఏమీ రాలేదు. సిగ్నలు గీత ఒకటి తగ్గింది, మరొకటి తగ్గింది. టీ అంగడతను పొయ్యి మీది పాలు చూడటం మాని వీరినే చూస్తున్నాడు. రామేశ్వరమ్మ గారు కళ్లు మూసుకున్నారు. వీరభద్ర గారు రెండు చేతులతో ఫోను పట్టుకుని దానినే చూస్తుండగా, ఒకే ఒక్క మెసేజు వచ్చి నిలిచింది.

వారు అంకెలు చదివారు. తన కళ్ల మీద తనకే నమ్మకం లేక భార్య చేత చదివించారు. ముబీనా గారు తిరిగి చెప్పారు. శివజ్యోతి చేత ఇంకొకసారి చెప్పించారు. నలుగురూ ఒకే అంకెలు చెప్పిన తరువాతనే, "నొక్కు" అన్నారు. అని, చెవి దగ్గరి ఫోనును దూరంగా జరిపారు. వినడానికి భయమేసింది.

రామేశ్వరమ్మ గారు ఆ ఫోను తీసుకుని చెవికి ఆనించుకున్నారు. కాసేపటికి ఆమె ముఖం విచ్చుకుంది. "అయిపాయంట. పోయిందంట" అన్నారు. వీరభద్ర గారు ఆ బల్ల మీదనే, నలుగురూ చూస్తుండగా, చిన్నపిల్లవాడిలా ఏడ్చారు.

ఆ చలికాలంలో శివజ్యోతికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వెళ్లడానికి భయపడింది; భయపడుతూనే వెళ్లింది. ఫెలోషిప్పు వచ్చింది. కంబన్న గారు ఆ సంగతి గుంటూరు దగ్గర మిరప చేలో నిలబడి విన్నారు. నేడు డాక్టర్ శివజ్యోతి బెంగళూరులో అవే మెట్టపంటల వేళ్ల మీద పరిశోధన కొనసాగిస్తున్నారు. మా స్టాంపు ప్యాడు మాత్రం ఆనాటినుంచి ఏ ఒక్క పూటా ఆరింది లేదు. ఉదయం రాగానే వీరభద్ర గారు దానిని వేలితో తాకి చూసిన తరువాతే కుర్చీలో కూర్చునేవారు.

విరమణ సమీపిస్తుండగా వారు తమ స్థానంలో ముబీనా గారి నంబరును నమోదు చేయవలసిందిగా అభ్యర్థన పంపారు. ఢిల్లీ ఆమోదం ఇంకా రాలేదు. ఈ ఏటి గడువు వారి విరమణ తరువాత వస్తుంది. ఆమోదం అంతలోగా రాకపోతే, కోసిగి పిల్లలకైనా వేంపల్లె పిల్లలకైనా రావలసిన ఓటీపీ విశ్రాంత ఉద్యోగి అయిన వీరభద్ర గారి జేబులోనే మోగుతుంది. మొన్న బాధ్యతలు అప్పగిస్తున్నప్పుడు, నూతన సూపరింటెండెంటు ముబీనా గారు మా అందరి ఎదుటా, "సార్, నాకు శానా భయంగా ఉండాది" అన్నారు. వీరభద్ర గారి ముఖం, శ్రీశైలం బస్సులో రామేశ్వరమ్మ గారు చూసినప్పటిలాగా, ఒక్కసారిగా తేటపడింది. "మంచిదమ్మా. ఇంగ నేను నిమ్మళంగా పోవచ్చు" అన్నారు.

ప్రతి సంవత్సరం దరఖాస్తుల ఆఖరు రోజున బెంగళూరు నుంచి వీరభద్ర గారికి ఒక ఫోను వస్తుంది. డాక్టర్ శివజ్యోతి నమస్కారమైనా చెప్పకుండా, "సార్, యాడ ఉండారు?" అని అడుగుతారు. "ఈడనే ఉండాను తల్లీ. ఫోను చేతిలోనే ఉండాది" అని వారు జవాబిస్తారు. అంతే సంభాషణ. ఆ రోజున ఆ ఒక్క మాట వినిపించిన తరువాతే మా విభాగంలో అందరమూ ఊపిరి పీల్చుకుంటాము.

శ్రీ వీరభద్ర గారు, శ్రీమతి రామేశ్వరమ్మ గారి సాహచర్యంలో, చిరంజీవి హర్షిణి ఆదరాభిమానాల నడుమ, సంపూర్ణ ఆరోగ్యంతో, ఇన్నేళ్లు వారికి దక్కని ప్రశాంతతతో సుదీర్ఘకాలం జీవించాలని హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాము. వారు ఇక శ్రీశైలానికి ఎన్నిసార్లు వెళ్లినా, ఎన్ని పూటలు ఫోను వెలిగించడం మరిచినా, మాకు అభ్యంతరం లేదు. ఆ భయం ఇకమీద మాది. అయినా ఏటేటా ఆ ఆఖరు రోజున, ఎవరు ఎంత దూరం నుంచి ఎక్కడ ఉన్నారని అడిగినా, మరెన్నో సంవత్సరాల పాటు వారి గొంతు "ఈడనే ఉండాను" అని పలుకుతూ ఉండాలి.